కిందికి పోయిన గడియారం

కొత్త కంప్యూటర్ వచ్చి పదకొండు రోజులైంది. ఐలవ్వతో మాట కలవలేదు.

పాత పెట్టె ఏప్రిల్ నెల గాలిదుమారంలో పిడుగు పడి కాలిపోయింది. ఆ రోజు మా క్వార్టర్ల లైనులో నాలుగు టీవీలు, ఒక ఫ్రిజ్, నా పెట్టె పోయాయి. టీవీలు పోయినవాళ్ళు మూడు రోజులు అదే మాట్లాడుకున్నారు. నేను ప్రయోగశాలకు ఉత్తరం రాయించి ఊరుకున్నాను. వాళ్ళు కొత్తది పంపేసరికి జులై వచ్చింది.

తలుపు వెనక నేను రోజుకొక సుద్దగీత గీస్తాను. ముప్పై గీతలకు ఒక అడ్డగీత. అడ్డగీత పడిన రోజు ఐలవ్వతో మాట్లాడే రోజు. ఈసారి రెండు అడ్డగీతలు మాట లేకుండానే పడ్డాయి. మూడోది రేపు పడుతుంది.

ఐలవ్వ నా భార్య. ఆరో నంబర్ బొగ్గుబాయిలో, నాలుగు వందల మీటర్ల లోతున ఉంది. దిగి ఇరవై ఏళ్ళకు పదహారు రోజులు తక్కువ.

నేను ఆ బాయి లాంప్ రూములో ముప్పై అయిదేళ్ళు పనిచేశాను. బొగ్గుకు దిగేవాడు కిటికీ దగ్గరికి వచ్చి నంబరు చెప్తాడు. నేను టోపీ లైటు ఇస్తాను. నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి వాడి చేతికి, దాని జోడు నా గోడ మేకుకు. పైకి వచ్చినవాడు బిళ్ళ కిటికీలో పెడితేనే మేకు మీది జోడు తీస్తాను. మేకు మీద ఒక్క బిళ్ళ ఉన్నా కిటికీ మూయకూడదు. నేను మూయలేదు.

ఇంకో పద్ధతి ఉండేది. రిజిస్టర్‌లో టైం రాసేటప్పుడు గోడ గడియారం చూడం. ఆ షిఫ్టు మనుషులకు పెద్దగా కిందికి పోయిన సర్దారు చేతి గడియారం చూసి రాస్తాం. కింద మందు పేల్చడం, మనుషులను పక్కకు తీయడం అన్నీ దానితోనే జరుగుతాయి. రెండిటికీ తేడా వస్తే కిందికి పోయిన గడియారమే లెక్క.

ఐలవ్వ బాయిలోకి దిగింది ఒక్కసారే. ఆమె రక్తంలో జబ్బు చేసింది. ఏడాది బతుకుతుందన్నారు. మందు కనిపెట్టడానికి ఇరవై ఏళ్ళు పట్టవచ్చన్నారు. అప్పుడు ప్రయోగశాలవాళ్ళు వచ్చి, మా బాయి అడుగున తొమ్మిది గదులు కట్టామని చెప్పారు. వాటిలో కాలం నెమ్మదిగా నడుస్తుందట. లోపల ఒక రోజు గడిచేసరికి పైన ముప్పై రోజులు పోతాయి. ఎట్లా అని నేను అడగలేదు. నేను మూడో తరగతి దాటలేదు. ఐలవ్వ అసలు బడికే పోలేదు. ఆమె మాత్రం అడిగింది.

"అంటే నాకు దినం, నీకు నెలనా?"

"అట్లనే అంటున్నరు."

"మరి నువ్వేం జేస్తవు అన్ని దినాలు?"

ఆమె దిగేటప్పుడు నా చేతి గడియారం విప్పి ఆమె చేతికి కట్టాను. అది ఎప్పుడూ పది నిమిషాలు వెనక నడిచేది. నా దోస్తులు నవ్వేవాళ్ళు. లైటు ఇచ్చాను. నాలుగు వందల పదిహేడో నంబరు బిళ్ళ ఇచ్చాను. "ఎక్కినంక ముందు నా కిటికీ కాడికి రావాలె" అన్నాను. ఆమె తల ఊపింది.

అప్పుడు ఆమెకు నలభై నాలుగు. నాకు నలభై ఎనిమిది.

*

మాట్లాడుకోవడానికి ప్రతి ఇంటికీ ఒక పెట్టె ఇచ్చారు. ఇంటివాళ్ళు తప్ప ఇంకెవరూ లోపలివాళ్ళతో మాట్లాడకూడదని చట్టం. మొదటి ఏడు ఎవడో దూరి, పైన యుద్ధం వచ్చిందని చెప్పి ఒకామెను ఏడిపించాడు. అందుకని తాళాలు పెట్టారు. ఎవరి తాళంచెవి వాళ్ళ పెట్టెలోనే ఉంటుంది. ప్రయోగశాల దగ్గర కూడా దానికి నకలు ఉండదు, పెట్టె పోతే కొత్త చెవి చేసి పంపాల్సిందే.

నేను మైకులో చెప్పిన మాటను పెట్టె ముప్పై రెట్లు సాగదీసి పంపుతుంది. ఆమె మాటను కుదించి నాకు వినిపిస్తుంది. నేను పది సెకన్లు మాట్లాడితే అది ఆమెకు చేరడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆమె 'ఊ' అంటే నేను అర నిమిషం ఆగాలి. ఆమెకు నాలుగు నిమిషాల ముచ్చట, నాకు ఒక పూట.

మొదట్లో నేను రోజూ పిలిచేవాడిని. నాలుగో రోజు ఆమె విసుక్కుంది.

"ఏందయ్యా, గంటకోసారి పిలుస్తవు? ఇప్పుడే గదా మాట్లాడింది. నన్ను అన్నం తిననియ్యవా?"

అప్పటి నుంచి నెలకొకసారి. ఆమెకు అది రోజూ పొద్దున పూట పిలుపు.

రోజూ అవే అడిగేది. ఏం కూర వండినవు. మల్లె మొక్కకు నీళ్ళు పోసినవా. పోసిన అనేవాడిని. ఆమె పెట్టిన మొక్క నాలుగో ఏడు ఎండిపోయింది. ఇప్పుడున్నది మూడోది. ఆ మాట చెప్పలేదు.

కిందికి బతుకమ్మ వచ్చినప్పుడు ఆమెకు తొమ్మిది రోజులు, నాకు తొమ్మిది నెలలు. పిలిచిన ప్రతిసారీ ఇయ్యాల ఏం పూలు తెచ్చిన్రు అని అడిగింది. బయట ఎండాకాలం. తంగేడు, గునుగు అని చెప్పుకుంటూ పోయాను.

చావు కబుర్లు మాత్రం దాచలేదు. మా అమ్మ పోయింది. తర్వాత ఎదురింటి లచ్చవ్వ. తర్వాత నా జోడుగాడు యాకూబ్.

"పైన అందరికి ఏమైందయ్యా? వారానికొకరు పోతున్నరు" అంది ఐలవ్వ. ఆ రోజు ఇంకేమీ అడగలేదు.

*

కొత్త పెట్టె వచ్చిన మర్నాడే ప్రయోగశాల నుంచి వాగ్దేవి మేడం వచ్చింది. ఐలవ్వ దిగినప్పుడు ఆమె కొత్తగా చేరిన డాక్టరు, రెండు జడల పిల్ల. ఇప్పుడు పెద్దామె. జుట్టు నెరిసింది. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుంది.

"మందు వచ్చింది, ఓదెలు గారూ. పదిమందిలో ఆరుగురికి పనిచేస్తోంది."

నేను ఆమెకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను.

"ఇంకో సంగతి. ఈ నెలాఖరుకు పక్క బాయి పంపులు ఆపేస్తున్నారు. ఆరో నంబరులోకి నీళ్ళు వస్తాయి. గదులకు ఏమీ కాదు. కానీ పైకి వచ్చే దారి మునుగుతుంది. ఇంకో దారి తవ్వడానికి పదేళ్ళు పడుతుంది."

"పదేండ్లు అంటే ఆమెకు?"

"నాలుగు నెలలు. ఆలోపల ఇంకా మంచి మందు రావచ్చు. రాకపోవచ్చు. డాక్టర్లు చెప్పిన ఏడాదిలో ఆమెకు మిగిలింది కూడా ఆ నాలుగు నెలలే."

పదేళ్ళకు నాకు డెబ్బై ఎనిమిది. ఆ లెక్క నాకు వచ్చు.

"మిగతా ఎనిమిది మంది చెప్పేశారు. అయిదుగురు వస్తామన్నారు, ముగ్గురు ఉంటామన్నారు. మీ ఐలవ్వ గారి మాట ఒక్కటే రావాలి. ఆమె నోటితో చెప్పాలి. ఇరవై రెండో తారీకు సాయంత్రం లోపల అందకపోతే ఉంటానన్నట్టే లెక్క."

"కాయితం పంపితే?"

"ఆమెకు చదువు రాదు కదా. వేలిముద్ర చెల్లదు. గొంతు కావాలి, మీ పెట్టెలో రికార్డయిన గొంతు." లేచి నిలబడింది. "ఒకటి అడుగుతాను. మీరు రమ్మని బలవంతం చేయవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"నేను ఎన్నడు ఎక్కువ మాట్లాడిన, మేడం?"

ఆమె నవ్వింది. నవ్వి చెప్పులు వేసుకుంది.

*

పెట్టె కలవడం లేదు. మీట నొక్కితే చిన్న చక్రం తిరుగుతుంది, తిరిగి తిరిగి ఎర్ర అక్షరాలు వస్తాయి. యాకూబ్ కూతురు రజియా బజార్లో నెట్ సెంటర్ నడుపుతుంది. నలభై దాటిన మనిషి, నలుగురికి పని నేర్పిన మనిషి. రోజూ మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి వచ్చేది.

"దీన్ని వీపీఎన్ అంటరు కాకా. నెట్టు అంటే అందరు నడిచే తొవ్వ అనుకో. ఆ తొవ్వ కిందికెల్లి నీకు, చిన్నమ్మకు మాత్రమే ఒక సొరంగం. బయటోనికి కనబడది. సొరంగం ఈ మొనకు మన తాళంచెవి, ఆ మొనకు చిన్నమ్మ గదిల తాళం."

"తాళంచెవి కొత్తది వచ్చింది గద."

"వచ్చింది. మంచిగనే ఉంది. అయినా తీస్తలేదు. గదే నాకు సమజైతలేదు."

ఒక రోజు పాస్‌వర్డ్ మళ్ళీ మళ్ళీ కొట్టింది. ఒక రోజు వైరు మార్చింది. ఒక రోజు తన ఫోన్ నెట్టుతో కలిపి చూసింది. ఒక రోజు మొత్తం తీసేసి మొదటి నుంచి పెట్టింది. ఎర్ర అక్షరాలు అవే వచ్చాయి. ప్రయోగశాల ఇచ్చిన నంబరుకు రోజూ ఫోన్ చేసేది. అవతల ఎవరో అమ్మాయి ఒక కాగితం ముందు పెట్టుకుని ఒక్కో ప్రశ్న చదివేది.

ఇరవయ్యో తారీకున కూడా అవే చదివింది. రజియా ఫోన్ పెద్దగా వినిపించేట్టు పెట్టి, ఒక్కోదానికి ఊ కొడుతోంది.

"కంప్యూటర్‌లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా మేడం?"

"ఉన్నయమ్మా. నా ఫోన్ పక్కన పెట్టి చూసిన. సెకనుతో సహా సరిగ్గ ఉంది. పదకొండు దినాల సంది అదే చెప్తున్న."

నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను.

"ఎవల టైము?" అన్నాను.

రజియా వెనక్కి తిరిగింది. "ఏంది కాకా?"

"సరిగ్గ ఉన్నది ఎవల టైము అని."

"మన టైమే. ఇంకెవలది?"

నేను లేచి కాలిన పెట్టె తీసుకొచ్చాను. దాన్ని పారేయలేదు, మంచం కింద పెట్టాను. తెర కింది మూలన నల్ల టేపు ముక్క ఇంకా అంటుకునే ఉంది.

"దీని కింద టైము ఉండేది. అది ఐలవ్వ టైము."

రజియా ఫోన్ కట్ చేసింది.

"మొదటి సంది గట్లనే నడిచింది. మనకు నెలైతే దానికి దినం. నాకు మంచిగనిపించేది. పొద్దున లేచి చూస్తే అక్కడ ఇంకా దసరా పోలేదు. మీ అబ్బ వచ్చి, నీ పెట్టెకు పక్షవాతం వచ్చిందిరా అని నవ్విండు. దిద్దుత అని మీద చెయ్యి పెట్టిండు. ఇగ ఎవలు ముట్టకుండ టేపేసిన."

రజియా గోరుతో టేపు ముక్క కొస లేపి చూసింది.

"కాకా. పదకొండు దినాల సంది నేను గిక్కడ నెత్తి కొట్టుకుంటున్న. ఒక్క మాట చెప్తే నీ నోట్లె ముత్యాలు రాలుతయా?"

"నువ్వు అడగలే."

"అడగలేదట." ఆమె కుర్చీ లాక్కుంది. "తాళం ఆ గది లోపల ఉంది. అంటే తాళం గడియారం కూడ నెమ్మదిగనే నడుస్తది. రెండు మొనల గడియారాలు కలిస్తేనే తాళం మనల నమ్ముతది. అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే దొంగ అనుకుంటది. మనం పంతొమ్మిదేండ్లు ముందటికెల్లి వచ్చి తలుపు కొడుతున్నం. ఎట్ల తీస్తది?"

సరైన టైమే తప్పు. ఆ సంగతి తెలిసిన ఇంజినీర్లు ఇప్పుడు లేరు. ఏ కాగితంలోనూ రాసిపెట్టలేదు.

*

మర్నాడు పొద్దున్నే వచ్చింది రజియా. తలుపు వెనక మూడో అడ్డగీత అప్పటికే వేశాను. ఆమె ప్రయోగశాలకు ఫోన్ చేసి, గది తలుపు ఎప్పుడు మూసింది కనుక్కుంది. ఆఫీసు పుస్తకంలో ఆగస్టు అయిదు, పొద్దున తొమ్మిదిన్నర అని ఉందట. అప్పటి నుంచి ఇప్పటికి ఎన్ని రోజులో లెక్క కట్టింది. ముప్పైతో భాగించింది.

"అక్కడ ఏప్రిల్ అయిదు, కాకా. దిగిన మరుసటి ఏడు ఏప్రిల్. పొద్దున తొమ్మిదిన్నర."

కొత్త పెట్టె తనంతట తనే నెట్టులోంచి టైం తెచ్చుకుంటుందట. ఆ పని ముందు ఆపింది. తేదీ వెనక్కి తిప్పింది. మీట నొక్కింది. చక్రం తిరిగింది.

ఎర్ర అక్షరాలు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే. రజియా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"లెక్క తప్పలే కాకా. మూడుసార్లు చూసిన."

"తొమ్మిదిన్నర ఆఫీసు గడియారంల" అన్నాను.

"అయితే?"

నేను గోడ మేకు నుంచి బిళ్ళ తీశాను. నాలుగు వందల పదహారు పక్కన నాలుగు వందల పదిహేడు వేలాడిన మేకు అది. బాయి మూసిన రోజు గోడలోంచి పీకి తెచ్చి ఇంట్లో కొట్టుకున్నాను. ఇప్పుడు దానికి ఒక్కటే బిళ్ళ. వెనక్కి తిప్పి రజియాకు ఇచ్చాను. మేకుతో గీకిన అంకెలు ఉన్నాయి.

ఆ రోజు సర్దారు కింది నుంచి బాయి ఫోనులో చెప్పాడు. తలుపు పడ్డది ఓదెలూ, గది గడియారం మీ ఆమె చేతి గడియారం చూసి పెట్టినం, తొమ్మిది ఇరవై. అలవాటు కొద్దీ బిళ్ళ మీద గీకి పెట్టుకున్నాను.

"పది నిమిషాలు వెనకకు" అంది రజియా. "మా అబ్బ చెప్పేటోడు నీ గడియారం సంగతి."

తొమ్మిది ఇరవై పెట్టింది. మీట నొక్కింది. చక్రం తిరిగింది. ఎర్ర అక్షరాలు రాలేదు. పచ్చ చుక్క వచ్చింది.

రజియా కుర్చీ ఖాళీ చేసి నన్ను దాని ముందు కూర్చోబెట్టింది.

"ఇగ విను కాకా" అంది రజియా, గొంతు తగ్గించి. "ఈ పెట్టె గడియారం మన లెక్కన ఉరుకుతది. నాలుగు నిమిషాలు కాంగనే నువ్వు వెనకకు గుంజాలె. మళ్ళ నాలుగు నిమిషాలకు మళ్ళ గుంజాలె. మరిచిపోతే సొరంగం మూసుకుంటది. గిది నొక్కు, గిది నొక్కు. అంతే. చిన్నమ్మ టైము దాటి పోనియ్యకు."

మూడుసార్లు నా చేత చేయించింది. తర్వాత, మీరిద్దరు మాట్లాడుకుంటే నేను వినొద్దు కాకా అని బయటికి వెళ్ళి, వేప చెట్టు నీడలో కూర్చుంది.

*

"ఐలవ్వా. నేనే."

అర నిమిషంలో చేరింది. ఆమె విని జవాబు చెప్పి, దాన్ని పెట్టె కుదించి నాకు అందించడానికి ఇంకా కొంత. నేను గడియారం రెండుసార్లు వెనక్కి గుంజాను.

"మూడు దినాలాయె" అంది ఐలవ్వ. గొంతు ఏమీ మారలేదు. "బతికే ఉన్నవా అనుకున్న."

"పెట్టె కాలిపోయింది."

"నీకేం గాలే గద?"

"కాలే."

ఆమె ఏం కూర అని అడగకముందే చెప్పాలనుకున్నాను. అన్నీ వరుసగా చెప్పాను. మందు వచ్చింది. పదిమందిలో ఆరుగురికి పనిచేస్తుంది. బాయి మునుగుతుంది. ఇప్పుడు రాకపోతే ఇంకో దారికి నాలుగు నెలలు, నీ నాలుగు నెలలు. అప్పటికి మంచి మందు రావచ్చు, రాకపోవచ్చు. నీ నోటితోనే చెప్పాలట.

జీవితంలో అంత మాట ఒక్కసారి మాట్లాడలేదు. ఇంకోటి ఉంది.

"నీకు నాలుగు నెలలంటే నాకు పదేండ్లు. నేను ఉంటనో ఉండనో. ఇప్పుడే నాకు అరవై ఎనిమిది. మోకాళ్ళు పోయినయి. నువ్వు చూసిన ఓదెలు లేడు. అది తెలిసి చెప్పు."

మాట వెళ్ళింది. నేను నిమిషం పాటు మాట్లాడి ఉంటాను. అది ఆమె చెవికి చేరడానికి అరగంట. గడియారం గుంజుతూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలు ముందుకు పోతుంది. నాలుగు నిమిషాలు వెనక్కి తెస్తాను. ఇరవై ఏళ్ళు నా చేతిలో లేని పని, ఆ పూట రెండు వేళ్ళతో చేశాను.

జవాబు పొడుగ్గా వచ్చింది.

"ఓదెలూ, నేను చదువుకోలేదు గని చెవిటిదాన్ని కాదు. దినాం నీ గొంతు వింటున్న. ఎండాకాలానికో రకంగ, వానకాలానికో రకంగ వింటున్న. పోయిన నెల పైపన్ను ఊడింది నీకు. ఈ నడుమ మంచం మీదికెల్లి లేస్తే ఆయాసం వస్తుంది. దినానికి కొంత ముసలోనివైతున్నవు, నాకు ఎరుకే. మల్లె మొక్క నేను పెట్టింది కాదు. నీళ్ళు పోసినవా అంటే పోసిన అంటవు. పూసిందా అంటే సప్పుడు జెయ్యవు. నువ్వు చెప్తలేవని నేను అడగలే."

కొంచెం ఆగింది. ఆ కొంచెం నాకు చాలాసేపు.

"పదిల ఆరా? నీతోటి లగ్గానికి ఒప్పుకున్ననాడు అంత గూడ లేకుండె."

నాకు నవ్వు వచ్చింది. బయట రజియా తల ఎత్తి చూసింది.

"వస్త అని రాసుకోమను. నేను ఐలవ్వను, నా నోటితోనే చెప్తున్న, వస్త. జడేసుకొని వస్త. జర ఆగు."

"ఆగిన" అన్నాను.

జడ వేసుకోవడానికి ఆమెకు పది నిమిషాలు పడుతుంది. మాకు అయిదు గంటలు. రజియా ఆ గొంతును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బండి మీద నన్ను ప్రయోగశాలకు తీసుకుపోయింది. వాగ్దేవి మేడం రెండుసార్లు విన్నది. రెండోసారి అవసరం లేదు.

*

గదికీ మా లోకానికీ నడుమ ఒక మెట్టు గది ఉంది. అక్కడ కాలాన్ని కొంచెం కొంచెంగా మన దారికి తెస్తారు. ఒక్కసారి తెస్తే గుండె ఆగుతుందట. ఆమెకు అది నాలుగు గంటలు. మాకు మూడు రోజులు. మూడు గీతలు గీశాను.

నాలుగో రోజు పొద్దున బాయి మీదికి పోయాను. వాగ్దేవి మేడం ఆఫీసులో కుర్చీ వేయించింది. నేను లాంప్ రూముకు పోయాను. పదకొండేళ్ళుగా మూసి ఉంది. తాళానికి నూనె పోసి తీశాను. బల్ల తుడిచాను. అల్మారాలో ఒక రిజిస్టర్ మిగిలింది, చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. మేకును గోడలో పాత చోటే కొట్టి బిళ్ళ వేలాడదీశాను. కిటికీ రెక్క తెరిచి నిలబడ్డాను.

పదిన్నర దాటాక గంట మూడుసార్లు మోగింది. మూడు అంటే మనుషులు ఎక్కుతున్నారని. చక్రం తిరిగింది. మనుషులను మోసే కేజు పైకి వచ్చింది.

ఒక నర్సు, పక్కన ఐలవ్వ. దిగిన రోజు కట్టుకున్న చిలకపచ్చ చీర. జడ వేసుకుంది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది. డాక్టర్లను చూసింది, రజియాను చూసింది, గుర్తుపట్టలేదు. నర్సు ఆఫీసు వైపు చూపించింది. ఐలవ్వ చెయ్యి విడిపించుకుని నా కిటికీ వైపు నడిచింది.

లైటు బల్ల మీద పెట్టింది. బిళ్ళ పెట్టింది. తల వంచి నా భుజం మీదుగా గది లోపలికి చూసింది.

"పెద్దాయనా, ఇక్కడ ఓదెలు ఉండాలె. మా ఆయన. కిటికీ కాడ ఉంటనన్నడు."

లాంప్ రూములో మనిషి అడగవలసిన మాట ఒకటే ఉంది. ముప్పై అయిదేళ్ళు అడిగిన మాట. అదే అడిగాను.

"నంబరు?"

ఆమె చూపు లోపలి నుంచి వెనక్కి వచ్చింది. నా నోటి మీద ఆగింది. తర్వాత కళ్ళ మీద. చాలాసేపు చూసింది. కింద కాదు, పైన ఉన్నాం, అయినా చాలాసేపే.

"నాలుగు వందల పదిహేడు" అంది మెల్లగా. "దినాం వినే గొంతు. ముఖమే కొత్తది."

చెయ్యి కిటికీలోంచి లోపలికి పెట్టింది. ముంజేతికి నా గడియారం ఉంది. రోజూ కీ ఇచ్చుకున్నట్టుంది, నడుస్తోంది. రెండుకు పది తక్కువ చూపిస్తోంది.

రిజిస్టర్ తెరిచాను. నాలుగు వందల పదిహేడు. ఎక్కిన టైం మధ్యాహ్నం ఒకటి యాభై.

"తారీకు?" అన్నాను.

ఆమె వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. "ఏప్రిల్ అయిదు."

రాశాను. దిగిన మరుసటి ఏడే వేశాను. వాగ్దేవి మేడం వెనక వచ్చి నిలబడి చూస్తోంది.

"ఓదెలు గారూ, ఇవాళ జులై ఇరవై నాలుగు."

"కిందికి పోయిన గడియారమే లెక్క, మేడం."

మేకు మీది బిళ్ళ తీసి ఆమె తెచ్చిన బిళ్ళ పక్కన పెట్టాను. ఒకటి మాసిపోయింది, ఒకటి ఇంకా మెరుస్తోంది. నంబరు ఒకటే.

మేకు ఖాళీ అయింది. కిటికీ మూసి బయటికి వచ్చాను.